ఎడమ మోకాలు

మా హాస్టల్లో కింది అంతస్తులో అమ్మాయిలకు ఇచ్చే గది ఒక్కటే. మిగిలినవన్నీ ఆఫీసు, వంటగది, సామాన్ల గది. ఆ ఒక్క గదిలో నాలుగు మంచాలు. కాలో నడుమో బాగాలేదని డాక్టరు రాసిచ్చిన వాళ్ళకే అవి దొరుకుతాయి. నా రెండో సంవత్సరం మొదలైన వారంలోనే మెట్ల మీద జారి కుడి మోకాలికి దెబ్బ తగిలించుకున్నాను. డాక్టరు చీటీ పట్టుకుని వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్తే, అప్పటికే అక్కడ కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె అలాంటి చీటీతోనే నిలబడి ఉంది. ఖాళీ మంచం ఒక్కటే.

మేడమ్ రెండు చీటీలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూసింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసింది.

"ఈ డాక్టర్ల రాత చదవడం నావల్ల కాదు. ఇద్దరూ అటునుంచి ఇటు నడవండి, చూస్తాను" అంది.

వరండాలో ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిచాం. ఆ అమ్మాయి మెల్లగా, తిన్నగా నడిచింది. నేను కుంటుతూ నడిచాను. నొప్పి నిజమే. కానీ ఆ ఇరవై అడుగుల్లో నొప్పికి నేను కాస్త సాయం చేశాను. మంచం నాకొచ్చింది. ఆ అమ్మాయి మూడో అంతస్తుకి వెళ్ళింది.

ఆమెకు రెండు మోకాళ్ళూ నొప్పేనని తర్వాత తెలిసింది. రెండూ నొప్పిగా ఉన్నవాళ్ళు కుంటరు. ఏ కాలి మీద బరువు వేసినా ఒకటే కాబట్టి ఊరికే మెల్లగా నడుస్తారు. హాస్టల్లో ఆమెకు నత్త అని పేరు పెట్టారు. "నత్తమ్మ బయల్దేరిందర్రా, రాత్రి భోజనానికి అందుకుంటుంది" అని మధ్యాహ్నం పూట ఎవరో ఒకరు అనేవారు. నేను ఎప్పుడూ అనలేదు. నవ్వాను, అంతే.

నా మోకాలు నెలరోజుల్లో తగ్గిపోయింది. ఆ రోజు నాకు బాగా గుర్తు. ఉతికిన బట్టల బకెట్టు పట్టుకుని పెరట్లోకి గబగబా వెళ్తున్నదాన్ని, సగం దారిలో ఆ సంగతి గమనించి తలెత్తాను. వంటమనిషి గుమ్మంలో కూర్చుని ఇటే చూస్తోంది. వెంటనే కుడికాలు ఈడ్చాను. ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అంత తొందరగా కుంటడం చేతనయ్యేది కాదు. అలా మొదలైన కుంటు ఐదు నెలలు సాగింది.

రోజూ సాయంత్రం అమ్మ ఫోను చేసేది.

"కాలెలా ఉందే?"

"పర్వాలేదమ్మా."

"పర్వాలేదంటే ఏమని అర్థం? తగ్గిందా, తగ్గలేదా? ఇక్కడ మీ నానమ్మ నన్ను నిలువునా తినేస్తోంది, పిల్లని చదువుకి పంపి కాలు విరగ్గొట్టావని."

వెనకనుంచి నానమ్మ అందుకునేది. "నేనెప్పుడన్నానే ఆ మాట? కాస్త చూసుకుని నడవమన్నాను. చిన్నప్పట్నుంచీ దాని కళ్ళు ఆకాశంలో, కాళ్ళు గోతిలో."

తగ్గిందని అమ్మకైనా చెప్పొచ్చు. కానీ పక్క మంచం మీద అమ్మాయి వింటుంది. అందుకని అమ్మకీ చెప్పలేదు.

ఐదో నెలలో ఎడమ మోకాలు మొదలుపెట్టింది. పొద్దున మంచం దిగగానే బిగుసుకుపోయేది. క్లాసులో గంటసేపు కూర్చుని లేస్తే ఎవరో లోపలినుంచి మేకు దిగగొట్టినట్టు ఉండేది. చిక్కేమిటంటే, అందరి దృష్టిలో నాకు నొప్పి కుడికాలికి. ఎడమది నొప్పి అని ఎవరితో చెప్పను? కుడికాలి కుంటు మానలేక, ఎడమకాలి కుంటు పైకి కనబడనివ్వలేక, చివరికి ఎలా నడుస్తున్నానో నాకే తెలియకుండా పోయింది.

ఎవరూ గమనించలేదు, నత్త తప్ప. తాగేనీళ్ళ కుళాయి కిందే ఉంటుంది కాబట్టి ఆమె రోజూ సీసా పట్టుకుని దిగేది. మా గది గుమ్మం ముందు ఆగి ఊపిరి తీసుకునేది.

"అక్కా, నీకు ఎక్కువైనట్టుందే?" అంది ఒకరోజు.

"అబ్బే, లేదు."

"లేదంటే పోతుందా? నేను వెళ్ళే ఆసుపత్రిలో ఫిజియో మేడమ్ ఒకావిడ ఉంది. నోరు కారం, చెయ్యి వెన్న. శనివారం నాతో రా. నువ్వుంటే బస్సులో సీటు కూడా ఇస్తారు. నేనొక్కదాన్నే అడిగితే నటిస్తున్నాననుకుంటారు, నేను కుంటను కదా" అని తనే నవ్వింది.

రానని చెప్పడానికి ఏ సాకూ దొరకలేదు.

ఫిజియో గదిలో రెండు మంచాలున్నాయి. మధ్యలో ఆకుపచ్చ గుడ్డ తెర. "ఈ అక్క కూడా నాతోనే మేడమ్, పాపం ఆరు నెలలుగా బాధపడుతోంది" అని నన్ను అప్పగించి నత్త తెర అవతలికి వెళ్ళి పడుకుంది. ఆమె మోకాళ్ళకు వేడి సంచులు కట్టి ఫిజియో మేడమ్ నా దగ్గరికి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. చేతులు మగవాళ్ళ చేతుల్లా వెడల్పుగా ఉన్నాయి.

"ఏ కాలు తల్లీ?"

"కుడి" అన్నాను.

ఆమె నా కుడికాలు మడిచింది, చాచింది. మోకాలిచిప్ప చుట్టూ బొటనవేలితో నొక్కుతూ వచ్చింది. "ఇక్కడా? ఇక్కడా?" ఎక్కడో ఒకచోట నొప్పి ఉండాలి కదా అని ఒకచోట "అబ్బా" అన్నాను. ఆమె చుట్టూ తిరిగొచ్చి మళ్ళీ అక్కడే నొక్కింది. ఈసారి అనడం మర్చిపోయాను.

"ఊఁ" అని, పోల్చి చూడటానికి ఎడమకాలు పట్టుకుని మడిచింది. ప్రాణం పోయినట్టయింది. కేక పెట్టాను.

"పుండొకచోట, మందొకచోటానా?" అంటూ ఆమె వంగి నా చెప్పులు తీసి చూసింది. "ఎడమది మడమ దగ్గర అరిగి కాయితంలా అయింది. కుడిది నిన్న కొన్నట్టుంది. నీకు కుడికాలు తగ్గి ఎన్నాళ్ళయింది?"

నేను తెరవైపు చూశాను. అవతల చిన్న అలికిడి కూడా లేదు.

"చూడు తల్లీ, ఇది పోలీసు స్టేషను కాదు. బయట ఇరవైమంది కూర్చున్నారు. అది ఎప్పుడు తగ్గిందో చెబితే ఎడమదాని మీద ఎన్నాళ్ళు బరువు పడిందో నాకు తెలుస్తుంది."

"ఐదు నెలలు" అన్నాను.

"ఏంటీ?"

గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

"బాగుంది సంబడం. లేని నొప్పికి కుంటి, బాగున్న కాలు పాడుచేసుకున్నావన్నమాట." తువాలు చుట్టి మోకాలి కింద పెట్టి, దాన్ని నొక్కుతూ పది లెక్కపెట్టించింది. రోజుకు మూడుపూటలా చెయ్యమంది. "హాస్టల్లోనా? ఎన్నో అంతస్తు?"

"కింద."

"అదృష్టవంతురాలివి. ఒక నెల మెట్లు తగ్గించు. చీటీ రాసిస్తాను, పైకి మారమని ఎవరైనా అంటే చూపించు."

ఎడమ మోకాలు అని పెద్ద అక్షరాలతో రాసింది. ఈసారి నొప్పీ నిజమే, చీటీ నిజమే. నా చెయ్యి దానంతట అదే చాపుకుంది.

బస్సులో ఒకాయన నన్ను చూసి లేచి సీటిచ్చాడు. "నువ్వు కూర్చో" అన్నాను నత్తతో. "నువ్వే కూర్చో అక్కా" అంది. నువ్వంటే నువ్వని ఇద్దరం నిలబడి ఉండగానే ఇంకొకావిడ వచ్చి అందులో కూర్చుంది.

"విన్నావా?" అని అడిగాను.

"గుడ్డ తెరే కదక్కా."

రెండు స్టాపులు దాటాక తనే మాట్లాడింది. "అందరూ మెట్లెక్కడం కష్టమనుకుంటారు. దిగడమే కష్టం. అందుకే నేను నీళ్ళు తక్కువ తాగుతాను." ఫిర్యాదు చేస్తున్నట్టు లేదు. దారి అడిగినవాళ్ళకు దారి చెబుతున్నట్టుంది. "నీకు చీటీ ఇచ్చిందిగా?"

"ఇచ్చింది."

"మంచిదే. ఇప్పుడు నిజంగానే నొప్పిగా ఉందిగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండేది.

ఆమె హాస్టల్లో అందరికీ చెప్పేస్తుందనుకున్నాను. చెప్పేస్తే నేను చెప్పే పని తప్పుతుందని కూడా అనుకున్నాను. మూడు రోజులు ఎదురుచూశాను. ఆమె ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. నీళ్ళకు దిగేది. మా గుమ్మం ముందు మాత్రం ఆగేది కాదు. ఊపిరి అందకపోయినా ఇంకో నాలుగడుగులు వేసి, సామాన్ల గది గోడకు ఆనుకుని నిలబడేది.

నాలుగోరోజు వార్డెన్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

"మేడమ్, నా మంచం మూడో అంతస్తులో ఉన్న మోకాళ్ళ నొప్పుల అమ్మాయికి ఇవ్వండి. నేను పైకి వెళ్తాను."

"ఎవరు, నత్తా? ఆ పిల్ల తిన్నగానే నడుస్తుందిగా!"

"రెండు కాళ్ళూ నొప్పి కాబట్టి కుంటదు మేడమ్. నాకు కుడికాలు ఐదు నెలల కిందటే తగ్గిపోయింది. మీకు చెప్పలేదు."

మేడమ్ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "మరి ఇప్పుడు కుంటుతూనే వచ్చావు?"

"ఇది ఎడమకాలు మేడమ్."

"నీకు మొత్తం ఎన్ని కాళ్ళే?" అని కలం కింద పెట్టింది. "ఏ కాలైతేనేం, చీటీ ఉంటే ఇలా ఇచ్చి ఉన్నచోటే ఉండు. ఈ మార్పులన్నీ మళ్ళీ నా నెత్తిమీదికే."

చీటీ నా చేతిలోని నోటుపుస్తకంలోనే ఉంది.

"లేదు మేడమ్" అన్నాను. ఆ వ్యవహారంలో నేనాడిన చివరి అబద్ధం అదే.

అప్పుడు ఆవిడకు కోపం వచ్చింది. ఐదు నెలలు తనను వెర్రిదాన్ని చేశానంది. ఇంటికి ఫోను చేస్తానంది. నేనే చేస్తానని ఆవిడ ఎదురుగానే చేశాను. అంతా విన్నాక అమ్మ ఫోను నానమ్మకిచ్చేసింది.

"మీ అమ్మ నెలనెలా నూనె కాచి పంపింది కదే. ఏం చేశావు?"

"రాసుకున్నాను నానమ్మా."

"ఏ కాలికి?"

"కుడికాలికి."



ఆ మధ్యాహ్నమే మారిపోయాం. నత్త పెట్టెను ఇద్దరమ్మాయిలు ముందే దింపేశారు. నా పరుపుచుట్ట చంకలో పెట్టుకుని నేను ఎక్కుతున్నాను. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆమె దిండు పట్టుకుని దిగుతూ ఎదురైంది. ఆ మెట్లకు కడ్డీ ఒకవైపే ఉంది. ఎక్కడానికి నాకు అదే ఆధారం, దిగడానికి ఆమెకూ అదే. నేను కడ్డీ వదిలి గోడవైపు జరిగాను.

ఆమె పక్కనుంచి దిగుతూ, నావైపు చూడకుండానే, "పై గదిలో కిటికీ రెక్క మూసుకోదక్కా. వాన వస్తే మంచం జరుపుకో" అంది.

ఏదైనా అందామనుకున్నాను. ఏం చెప్పినా ఆమెను ఆ మెట్టు మీద ఇంకాసేపు నిలబెట్టడమే అవుతుంది. ఆమె కిందికి చేరేదాకా గోడకు ఆనుకుని విన్నాను. నాలుగుసార్లు ఆగింది. రోజుకు రెండుసార్లయినా దిగి ఉంటుంది, ఐదు నెలలు. ఆ లెక్క చివరిదాకా వెయ్యలేక పరుపుచుట్ట సర్దుకుని పై మెట్టు మీద కాలు పెట్టాను.