గోడ నిలిచిందా, కరిగిందా

వంతెన కొట్టుకుపోయిన వరద ఏడాది అది, తరువాతి చిన్న వరద ఏడాది కాదు, నీళ్లు తీశాక పుట్టిన జ్వరంతోనే కదా మా ఆవిడ ఆసుపత్రి మంచం ఎక్కింది, మంచం పక్క గోడ పెచ్చులూడి ఉంది, సున్నం సరిగా కలపలేదు, పూసినవాడెవడో గానీ శ్రద్ధ లేదు, తాపీ పట్టినవాడి కంటికి గోడలు తప్ప మరొకటి ఆనదు, ఆవిడ కళ్లు పచ్చబడ్డాయని కూడా పక్క మంచం ఆమె చెబితే గాని చూడలేదు, నర్సమ్మ రోజూ రక్తం తీస్తుంటే ఎందుకమ్మా అన్నాను, తాతా, కాలేయంలో ఎంజైములని ఉంటాయి, లోపల ఉండాల్సినవి, వైరస్ వల్ల కణాలు పగిలితే రక్తంలోకి వచ్చేస్తాయి, ఎంత వచ్చాయో చూస్తాం అంది, తెలిసింది, మట్టి గోడ కరుగుతుంటే వీధిలో నీళ్లు ఎర్రబడవూ, అదే ఇది, మొన్నటిదాకా అంకె పెరుగుతూ వచ్చింది, ఇవాళ సగానికి పడిపోయింది, ఇంకేం అన్నయ్యా, వదినని ఇంటికి తీసుకుపోవచ్చు అంది పక్క మంచం ఆమె, నేను మంచం కింద ఆవిడ చెప్పుల కోసం వెతుకుతున్నాను, డాక్టరమ్మ వచ్చి కాగితం చూసింది, నవ్వలేదు.

తగ్గితే మంచిదే కదమ్మా అంటే, అన్నిసార్లూ కాదు పెద్దాయనా, కణాలు కోలుకున్నా తగ్గుతుంది, పగలడానికి కణాలే మిగలకపోయినా తగ్గుతుంది, మిగతా పరీక్షలు రేపు వస్తాయి, మగతగా ఉంటోంది కదా, కాలేయం పూర్తిగా చెడితే ఆ విషం మెదడుకెక్కుతుంది, మాట తడబడినా, తిక్కగా మాట్లాడినా వెంటనే పిలవండి, ఎప్పటిలా మాట్లాడుతోందో లేదో మీకే తెలియాలి అంది, నాకే తెలియాలట, వరదప్పుడు పడమటి వీధి నీళ్లు తేటపడ్డాయంటే సంబరంగా మోకాటి లోతులో పోయి చూశాను, అక్కడ గోడలే లేవు, నేను కట్టినవే, ఎర్రబడడానికి మట్టే మిగల్లేదు, తేట నీళ్లంటే అప్పటినుంచీ భయం, ఇంతకీ ఎప్పటిలా అంటే ఎలా, కాపురానికి వచ్చిన నాటినుంచి ఆవిడ మాట్లాడుతూనే ఉంది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను, వాన చప్పుడులా అలా పడుతూ ఉండేది, ఒక్క మాటా పట్టుకున్నట్టు లేదు, ఇప్పుడు మాట్లాడించాలంటే ముందు నేను మాట్లాడాలి, ఏం మాట్లాడాలి, చివరికి, ఏమే, ఈ గోడకి సున్నం సరిగా కలపలేదు చూశావా అన్నాను, కళ్లు తెరవలేదు, ఇంకోసారి అన్నాను, పెదవి కదిలింది, వంగాను.

ఇన్నేళ్లకి నోరు పెగిలిందనుకుంటే అదీ గోడ గురించేనటయ్యా, మన వంటింటి గోడ పగులు పూడ్చమని మూడు వానల నుంచి మొత్తుకుంటున్నా, ఊళ్లోవాళ్ల గోడలైతే కనపడతాయి నీకు, అంది, నీరసంగా, ఆగి ఆగి, అయినా ఆ నీకు అన్న మాట దగ్గర గొంతు కాస్త ఎత్తి వదిలేసింది చూడు, అది ఆవిడదే, నిజమే, మూడు వానలే, మొదటి వానకి గిన్నె పెట్టింది, రెండో వానకి పాత గోనె కుక్కింది, అప్పుడు నన్నేమందో అదీ గుర్తొస్తోంది, తరువాతిదీ గుర్తొస్తోంది, విననేలేదనుకున్నాను గాని అంతా విన్నాను, వినకపోతే ఈ గొంతు ఆవిడదేనని ఇంత గట్టిగా ఎలా తెలుస్తుంది.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ గుమ్మంలో ఉండగానే లేచి నిలబడి, అడక్కముందే చెప్పాను, తిట్టిందమ్మా, వరసగా, ఎక్కడా తడబడలేదు, గోడ నిలిచే ఉంది.