వెనక గేరుతో ముందుకు

నేను ఒక జీపుగా పుట్టి, ట్రాక్టరుగా ముసలిదాన్నయ్యాను. నన్ను చూసి నవ్వేవాళ్ళుంటే నవ్వనివ్వండి, నాకు అలవాటే. ముందు భాగం జీపుది, వెనక ఇరుసు లారీది, పెద్ద చక్రాలు ఎక్కడో మూలపడ్డ ట్రాక్టరువి, కూర్చునే చోటు పాత బస్సు సీటు. మొదటినుంచీ నాదే అని చెప్పుకోగలిగింది ఆ ముందు భాగం, అందులోని ఇంజను, అంతే.

కొత్తలో ఒక ఆఫీసులో పనిచేశాను. కరువు చూడటానికి ఊరూరా తిరిగేవాళ్ళం. పెద్దమనుషులు చేను గట్టున నన్ను ఆపించి, కిందికి దిగకుండానే ఎండిన పైరును చూసి, ఏదో రాసుకుని వెళ్ళేవాళ్ళు. ఆ మట్టిలోకి ఒకనాడు నేనే దిగుతానని వాళ్ళూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. తర్వాత వేలంలో పోయి కదిరి దారిలో జనాన్ని మోశాను. ఎనిమిది మంది పట్టే చోట పద్దెనిమిది మందిని కుక్కి, "ఇంగా ఇద్దరికి జాగా ఉంది, రాండి" అని పిలిచేవాళ్ళు. మనుషులు నిజంగానే సర్దుకునేవాళ్ళు. చివరికి నా నడుం విరిగింది. దస్తగిరి షెడ్డు పక్కన కంపచెట్లలో పడ్డాను.

దస్తగిరి వెల్డింగు పనివాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇనుము ఏది విరిగినా అతని దగ్గరికే తెచ్చేవాళ్ళు. ఆ పేరంటే అతనికి ప్రాణం. ఒక ఎండాకాలం ఓబులక్క వచ్చి అతని ముందు నిలబడింది. భర్త పోయి ఏడేళ్ళయినా ఐదెకరాల మెట్టచేను ఆమె ఒక్కతే సేద్యం చేస్తోంది. ఆ ఏడు రోగమొచ్చి జతలో ఒక ఎద్దు చచ్చిపోయింది.

"ఒంటెద్దు విత్తే గొర్రు లాగదు దస్తగిరీ. ఈ ఏడు చేను బీడు పడిందంటే మా బావ దున్నుకుంటా అని దిగుతాడు. ఒగసారి దిగినాడంటే మళ్ళా నా చేతికి రాదు. ఏందో ఒగటి చేసిపెట్టు."

దస్తగిరి కంపచెట్ల వైపు చూశాడు. నా రాత అక్కడే మారింది.

నన్ను సగానికి కోశాడు, కుదించాడు, అతికాడు. లారీ ఇరుసు బిగించేటప్పుడు, దాన్ని తిప్పే కడ్డీ మరీ కిందికి పడి మట్టికి తగిలేలా కనిపించింది. బాగా ఆలోచించి ఇరుసును తలకిందులు చేసి బిగించాడు. కడ్డీ పైకి వచ్చింది. తన తెలివికి తనే మురిసిపోయాడు. చక్రాలు లేపి ఒక్కసారి తిప్పి చూసుకుంటే సరిపోయేది. కానీ ఆ పొద్దున్నే వాన పడింది, అందరికీ తొందర.

ఊరంతా పోగయింది. ఓబులక్క నాకు టెంకాయ కొట్టింది. దస్తగిరి దర్జాగా ఎక్కి మొదటి గేరు వేశాడు. నేను వెనక్కి పోయాను. కంగారుపడి రెండో గేరు వేశాడు. ఇంకా జోరుగా వెనక్కి పోయి షెడ్డు తడిక పడగొట్టాను. ఇరుసు తిరగేస్తే నడక కూడా తిరగబడుతుందని అప్పుడు తెలిసింది. ముందుకు పోవడానికి నాకు మిగిలింది ఒక్క వెనక గేరే. వెనక్కి పోవడానికి మూడు. మనుషుల్లో కూడా చాలామందికి ఇదే అమరిక అని తర్వాత తెలుసుకున్నాను.

జనం కడుపు పట్టుకుని నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఓబులక్క బావ, ఆమె భర్త అన్న. దస్తగిరి దిగి, నా కిందికి వంగి ఇరుసు చూసుకున్నాడు.

"మొత్తం విప్పల్ల అక్కా. నాలుగు దినాలు పడతాది."

"నాలుగు దినాలకు పదును ఉంటాదా?" అంది ఆమె. తడి ఆరితే విత్తనం మొలవదు. "వెనక గేరేస్తే ముందుకు పోతాదా, పోదా?"

"పోతాది. కానీ శానా నిదానంగా."

"నా ఎద్దులేమన్నా పరిగెత్తినాయా?"

దస్తగిరి చూపించినట్టు ఓబులక్కే సీటెక్కి వెనక గేరు వేసింది. ఆ మధ్యాహ్నమే చేలోకి దిగాం. వెనక గేరు నెమ్మదైనదే కానీ బలమైనది. గొర్రు లాగడానికి అంతకన్నా ఏం కావాలి? రెండు రోజుల్లో ఐదెకరాల్లో శెనక్కాయ విత్తు పడింది. పన్నెండో నాటికి మొలక కనిపించింది. బావ గట్టు మీద నిలబడి చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. అంతమందిని మోశాను గానీ, ఒకరికి అక్కరకొచ్చానన్న సంతోషం నాకు ఆనాడే తెలిసింది.

చేను నిలిచింది గానీ దస్తగిరి పేరు నిలవలేదు. నేను రోడ్డెక్కిన ప్రతిసారీ "అదిగో, ఎనక దస్తగిరి బండి" అనేవాళ్ళు. పెద్ద పనులు కదిరికి పోయాయి. అతనికి నాగలి కర్రులు, బకెట్టు పిడులు మిగిలాయి. ప్రతి ఎండాకాలం పానాలు సంచిలో వేసుకుని వచ్చేవాడు.

"ఈసారన్నా విప్పనీ అక్కా. ఒగ రూపాయి వద్దు. నా తప్పు నాలుగూళ్ళు తిరుగుతాంది."

"ఈ విత్తు కానీ," అనేది ఆమె. సరిచేస్తే గేర్లన్నీ మారిపోతాయి, ఆమెకు మళ్ళీ కొత్తగా నేర్చుకోవాలంటే భయం. అలవాటు కొద్దీ వెనక గేరు వేసి ఏ గట్టు మీదినుంచో పడతానని బెదురు. ఆ బెదురు పైకి చెప్పదు. అతని అవమానం ఆమెకు కనిపించదు. ఇద్దరికీ మధ్య నేను పదకొండేళ్ళు అలాగే నడిచాను. నాకు నోరుంటే ఎవరి పక్షం మాట్లాడేదాన్నో ఇప్పటికీ తెలియదు.

పన్నెండో ఏడు ఆమె మంచం పట్టింది. దస్తగిరి చూడటానికి వచ్చాడు, సంచి లేకుండా.

"నేను పోయినాక సరిచేసుకో నాయనా," అంది. "నీ పేరు పాడు చేసినాను. తెలుసు నాకు. కొత్త గేర్లు చేతగాక చేను పోతాదేమో అని బెదురు, చెప్పలేకపోయినా."

అతను తల వంచుకున్నాడు. "ముందర లేసి కూర్చో అక్కా. పదును వస్తాది," అన్నాడు.

పదును వచ్చింది. ఆమె లేదు. చేలోనే ఒక మూల ఆమెను పూడ్చారు. చెల్లెలి కూతురికి చేను రాసిందని తెలిసింది. ఆ పిల్ల వచ్చి దస్తగిరితో, "మామా, బండి నీకే ఇమ్మని చెప్పింది పెద్దమ్మ" అంది.

దస్తగిరి పానాలు తెచ్చాడు. ఇరుసు కింద గోనె పరిచి, పడుకుని, మొదటి బోల్టుకు పానా తగిలించాడు. తిప్పకుండానే పానా తీసి గోనె మీద పెట్టాడు. తర్వాత లేచి, చేతులు తుడుచుకుని, సీటు ఎక్కాడు. తడిక పడగొట్టిన రోజు తర్వాత, పన్నెండేళ్ళలో ఎక్కడం అదే మొదలు. అలవాటు కొద్దీ మొదటి గేరు వేశాడు. నేను వెనక్కి జరిగాను. అతను ఒక్కసారిగా నవ్వాడు, ఆ వెంటనే ఏడ్చాడు. వెనక గేరు వేసి, గొర్రు కట్టించి, ఆ చేను సాంతం తనే విత్తాడు.

ఇప్పుడు అతని షెడ్డు ముందు ఉన్నాను. ఇంజను ఆగిపోయి రెండేళ్ళయింది. పాత సామాన్లవాళ్ళు వచ్చి అడుగుతారు, అతను అమ్మడు. మొన్న ఎవరో కొత్తాయన నన్ను తడిమి చూసి, "ఇరుసు తిరగబడి ఉందే. ఈ తప్పు సరిచేయలేదేమి?" అన్నాడు.

దస్తగిరి వెల్డింగు అద్దాలు పైకెత్తి, ఆ చేను వైపు చూశాడు.

"ఐదెకరాలు విత్తింది సామీ అది," అన్నాడు. "తప్పు యాడుంది?"