కోలన్, డబ్ల్యూ

ఆఫీసు బిల్లింగ్ ప్రోగ్రాం ఫైలు మధ్యలో ఊరికే పడి ఉన్నాయి రెండు గుర్తులు: కోలన్, పక్కనే డబ్ల్యూ. వాటి దెబ్బకి పొద్దున్నుంచి బిల్లులన్నీ ఆగిపోయాయి. అందరి చూపూ యజమాని మేనకోడలి మీద పడింది.

పడదూ మరి? ప్రోగ్రాంలు రాసుకునే పాత నల్లతెర ఎడిటర్ని పట్టుకుని వేలాడేది ఆమె ఒక్కతే. అందులో సేవ్ చేయాలంటే కొట్టాల్సినవి ఆ రెండే. సర్వర్లో అందరిదీ ఒకటే లాగిన్, ఎవరు మార్చారో తేల్చే దారి లేదు. యజమాని మామయ్య ఏడాది కిందట రంగురంగుల కొత్త ఎడిటర్ తెచ్చి అందరికీ అంటగట్టాడు. ఈమె ససేమిరా అంది. కాలేజీ రోజుల్లో ఆ నల్లతెరని నేర్పింది ఈ మామయ్యే. మౌస్ ముట్టుకుంటే వేళ్ల మీద ఒక్కటిచ్చేవాడు. ఇప్పుడది లేకపోతే ఆమెకి చేతులు ఆడవు.

"ఇంక చాలమ్మా. సాయంత్రం దాన్ని నీ మిషన్లోంచి తీసేయిస్తా," అన్నాడు మామయ్య అందరి ముందూ, ఆమె మొహం చూడకుండా.

ఎందుకు చూడలేదు? ఆమెకి అక్కడే అనుమానం మొదలైంది. తన మీద ఎవరో కక్ష కట్టారు. టెస్టింగ్ చేసే ఆవిడ నవ్వింది, ఆవిడేనేమో. ఎదురు సీటాయన నవ్వలేదు, ఆయన ఇంకా గట్టివాడు. మధ్యాహ్నం దాకా ఎవరు పలకరించినా కూపీ లాగుతున్నారనే అనిపించింది.

కడుపు మండి ఫైలున్న చోటంతా వెతికింది. పక్కనే ఈ పొద్దుటి తేదీతో చిన్న ఫోల్డర్ కనిపించింది. కొత్త ఎడిటర్ తెరిచిన ప్రతిచోటా వదిలిపోయే ఫోల్డర్ అది. అంటే ఎవరో కొత్తదాంట్లో కూర్చుని, పాత అలవాటు కొద్దీ సేవ్ కోసం ఆ రెండూ కొట్టారు. అక్కడ అవి ఉత్త అక్షరాల్లా ఫైల్లో పడిపోయాయి. ఈ ఆఫీసులో ఆ అలవాటు ఇంకెవరికుంది?

గాజు గదిలో మామయ్య టైపు చేసుకుంటున్నాడు. లోపలికెళ్లి చూస్తే ఆయన మౌస్ మీద దుమ్ము.

"మామయ్యా, ఆ ఫైలు ముట్టుకున్నది నువ్వే కదూ?"

ఆయన కీబోర్డు పక్కకి నెట్టాడు. "కస్టమర్లు మనల్ని పాతవాళ్లనుకుంటారని మార్పించాను. నా వేళ్లే మాట వినట్లేదు. నాక్కూడా పాతది పెట్టివ్వు తల్లీ. బయట అనకు."

ఆమెకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. "పెడతాను. కానీ నన్ను అందరి ముందూ అన్నావు. ఇదీ అందరి ముందే చెప్పు."

మామయ్య లేచి, గాజు తలుపు తీసి, గొంతు సవరించుకున్నాడు.