అత్తగారి కాళ్ళ కొలత

ఇలా నా పక్కకు వచ్చి కూర్చో తల్లీ, ఆ తలుపు దగ్గరగా వేసి. చెవులు వినపడక కాదు, ఈ మాట ఈ గది దాటడం ఇష్టంలేక. ఆ కాగితం నా ఒళ్ళో పెట్టు. అక్షరాలు రావు గానీ ఇంటి పటం నాకు తెలుస్తుంది. గీత అంటే గోడ, గీత తెగిన చోట తలుపు.

ఇందాక నువ్వు వేలు పెట్టి చూపించావే, మీ కొత్త ఇంట్లో పడకగది పక్కన రైలుపెట్టెలా సన్నగా ఉన్న బాత్రూమ్, దాని గురించే చెబుతాను. "ఇరుకు కదా అమ్మమ్మా, మామూలు తలుపు పెడితే చోటు చాలదు, పక్కకు జరిగే గాజు తలుపు పెట్టిద్దామన్నాడు మా ఆయన" అన్నావు. బాగానే ఉందనుకున్నాను. ఆ తర్వాత నవ్వుతూ ఇంకోటి అన్నావు. "లోపల గడియ కూడా వద్దట. మనిద్దరి మధ్యా గడియెందుకూ అన్నాడు." నా ఒళ్ళు జలదరిస్తే నువ్వు చలేమో అనుకుని ఫ్యాన్ తగ్గించావు. ఆ మాట నేను ఇదివరకు విన్నాను తల్లీ. వేరే గొంతులో, అదే నవ్వుతో.

మీ తాత చెడ్డవాడని బయట ఒక్కరూ అనరు. ఆఫీసులో బంట్రోతును కూడా మీరు అనేవాడు. ఆ మర్యాదంతా గుమ్మం బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి వచ్చేవాడు. ఆ చెప్పులు విడిచే చప్పుడును బట్టే నాకు సాయంత్రం ఎలా ఉండబోతోందో తెలిసిపోయేది. ఒక చెప్పు మెల్లగా, రెండోది విసురుగా పడితే, మీ అమ్మను చంకనేసుకుని అద్దె ఇంటి బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకునేదాన్ని. ఒకరోజు ఆ గడియ మేకులతో సహా ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. మర్నాడు పక్కింటావిడ అడిగితే "చెదపట్టిన చెక్కండీ" అని చెప్పాను.

అప్పుడే ఈ ఇల్లు మొదలుపెట్టారు. కొత్త గోడలకు నీళ్ళు కొట్టింది నేను, పనివాళ్ళకు టీలు మోసింది నేను. వంటగది ఎటు ఉండాలని మాత్రం నన్నెవరూ అడగలేదు. "నీకేం తెలుస్తుందే, పొయ్యి ఎక్కడుంటే అక్కడ వండు" అనేవాడు. స్థలం మా అత్తగారి పేరున ఉంది కనుక ఆవిడ మాట మాత్రం సాగేది. మేస్త్రి నేల మీద సున్నంతో బాత్రూమ్ గీశాడు. దిట్టంగా, వెడల్పుగా గీశాడు. అత్తయ్య వచ్చి చూసి, చెప్పులు పక్కన పెట్టి, తెల్లచీరతో ఆ గీతల మధ్య చతికిలబడింది. ఒక గీతకు వీపు ఆనించినట్టు కూర్చుని కాళ్ళు ముందుకు చాపింది.

"ఆ గోడ ఇటు జరుపు. ఇదిగో, నా మడమల దాకా."

"అమ్మగారూ, బాత్రూమా, బీరువానా?" అన్నాడు మేస్త్రి.

"నువ్వు కట్టు. తలుపు ఈ పొడుగు గోడకు పెట్టు, నా వీపు దగ్గర. లోపలికి తెరుచుకోవాలి."

"లోపల మనిషి కూర్చునుంటే తలుపు రాదమ్మా."

"రాకూడదు" అంది అత్తయ్య.

మీ తాత నవ్వాడు. "మా అమ్మకు చాదస్తం ముదిరింది. పోనీ, గోడ ఖర్చు మిగులుతుంది. లోపల గడియ మాత్రం అక్కర్లేదు మేస్త్రీ. మొగుడూ పెళ్ళాల మధ్య గడియెందుకు?" అంటూ అతన్ని తీసుకుని ఇటుకల లెక్క చూడడానికి వీధిలోకి వెళ్ళాడు.

వాళ్ళు అటు వెళ్ళగానే అత్తయ్య లేచి, "ఇప్పుడు నువ్వు కూర్చో" అంది. పిచ్చెక్కిందనే అనుకున్నాను. అయినా కూర్చున్నాను. "వీపు తలుపుకు. అరికాళ్ళు ఎదురుగోడకు. మోకాళ్ళు కొంచెం వంగాలి, పూర్తిగా చాపితే బలం నిలవదు. నువ్వు నాకంటే పొట్టి. ఇంకో బెత్తెడు తగ్గించమంటాను."

"ఎందుకత్తయ్యా?"

"గడియ ఒక్క తాపుకు ఊడుతుంది. కాళ్ళు ఊడవు."

"మీకెలా తెలుసు?"

ఆవిడ చీరకు అంటిన సున్నం దులుపుకుంది. "వాడు వాళ్ళ నాన్న దగ్గరే కదా పెరిగాడు" అంది.

ఇంటికొచ్చిన చుట్టాలంతా ఆ బాత్రూమ్ చూసి నవ్వేవాళ్ళు. మీ తాత పడక్కుర్చీలో కూర్చుని, "అందులో ఇద్దరు దూరితే ఒకరి వీపు ఇంకొకరు రుద్దాల్సిందే" అని వాళ్ళను ఇంకా నవ్వించేవాడు. అత్తయ్యా నవ్వేది. ఇప్పుడు వెళ్ళి చూడు, తలుపుకు ఎదురుగోడ మీద, కింద, రెండు నున్నటి మచ్చలు ఉంటాయి. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా మళ్ళీ తేలుతాయి. అవి నా మడమలవి. మీ అమ్మ నా ఒళ్ళో కూర్చుని చెంబులో నీళ్ళు ఒంపుకుంటూ ఆడుకునేది. నా వీపు వెనక తలుపు అదిరినప్పుడల్లా అది కూడా ఒక ఆటే అనుకుని కిలకిల నవ్వేది. బయట అత్తయ్య వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఉండేది. ఆ చప్పుడు నాకు వినపడుతూనే ఉండేది.

చాలా ఏళ్ళు ఆవిడకు మనసులో దణ్ణం పెట్టుకున్నాను. ఈ వయసులో ఇంకో సంగతి తోస్తోంది. ఆవిడ నాకు దాక్కునే చోటు కట్టించింది గానీ, కొడుకును పిలిచి ఒక్క మాట అనలేదు. నన్ను పిలిచి, వెళ్ళిపోవే అనీ అనలేదు.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా వెనక నీళ్ళ చప్పుడు వినపడుతుంది తల్లీ. బట్టలు నానబెడుతున్నానంటావు. ట్యాప్ విప్పితే ఏడుపు బయటికి పోదని నాకెవరూ చెప్పనక్కర్లేదు. ఇందాక పటం ఒళ్ళో పెట్టగానే నా వేలు దానంతటదే ఆ సన్నగది మీదికి పోయింది. వీపు ఎక్కడ, మడమలెక్కడ అని వెతికింది. పక్కకు జరిగే తలుపుకు వీపు ఆనించినా లాభం లేదు. అది నీ వెనక నుంచి జారిపోతుంది.

ఇంకోలా గీయించు, కొలత నేను చెబుతానని నోటిదాకా వచ్చింది. చెప్పను. రేపు ఆ ఇంటికి సంతకం పెట్టడానికి వెళ్ళకు. నీ పెట్టె ఇక్కడే ఉండనీ. వాడొచ్చి అడిగితే గుమ్మంలో మాట్లాడేది నేను. మా అత్తగారిలా గిన్నెలు కడుగుతూ కూర్చోను.

ఇదంతా మనసులో పెట్టుకో. మీ అమ్మకు చెప్పు, ఆ తలుపు అదిరింది ఆట కాదని. రేపు నీకో ఆడపిల్ల పుడితే దానికీ చెప్పు. సున్నం గీతలు, అత్తయ్య తెల్లచీర, మేస్త్రి అన్న బీరువా మాట, అన్నీ చెప్పు. ఆ కొలత ఒక్కటి మాత్రం నాతోనే పోనీ.