డబ్బాడు మిరియాల పొడి

మా వ్యాన్‌లో హీటర్ పనిచేయదని అనడానికి లేదు. పనిచేస్తుంది, కాకపోతే ఎవరో దూరం నుంచి ఉఫ్ అని ఊదినట్టు పనిచేస్తుంది. నాన్న ఉన్నన్నాళ్లూ అంతే, ఆయన పోయిన ఈ మూడేళ్లూ అంతే. గురువారంతో నా ఓపిక నశించింది.

అమ్మకు వారానికి మూడుసార్లు డయాలసిస్. నాలుగు గంటలు రక్తం మిషన్‌లోకి వెళ్లి వచ్చాక ఆవిడకు ఎముకల్లోంచి చలి పుట్టుకొస్తుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి నలభై నిమిషాలు, దారి పొడుగునా పళ్లు టకటకలాడుతూనే ఉంటాయి. వేరే బండి ఎక్కమంటే ఎక్కదు. మోకాళ్లు వంగవు, ఈ వ్యాన్ మెట్టు ఒక్కటే ఆవిడకు సరిపోయే ఎత్తు. గురువారం పొద్దున నేను తాళాలు తీసుకున్నా అమ్మ కుర్చీలోంచి లేవలేదు.

"ఈ రోజుకు మానేద్దామే. మిషన్ దగ్గర ఎంతసేపైనా పడుకుంటా గానీ, ఆ బండిలో చలి నావల్ల కాదు."

బతిమాలాను, కసిరాను, అలిగాను. లాభం లేకపోయింది. ఫోన్ చేస్తే డాక్టరమ్మ నాకు చీవాట్లు పెట్టి, శనివారం మాత్రం తప్పిస్తే ప్రాణం మీదకొస్తుందని చెప్పింది. నా చేతిలో శుక్రవారం ఒక్కటే మిగిలింది.

శుక్రవారం పొద్దున్నే ఇంటి ముందు బానెట్ ఎత్తాను. బండికి జబ్బు చేస్తే ముందు చేత్తో అడగాలి, ఆ తర్వాతే పానా తీయాలి అని నాన్న నేర్పారు. కూలెంట్ నీళ్లు నిండుగా ఉన్నాయి. కాసేపు ఇంజిన్ నడిపితే వేడి చూపించే సూది మధ్యకొచ్చి నిలబడింది, కాబట్టి ఇంజిన్ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తప్పు లేదు. ఫ్యాన్ జోరుగానే కొడుతోంది. ఇక మిగిలినవి ఇంజిన్ నుంచి లోపలి హీటర్‌కు వెళ్లే రెండు రబ్బరు గొట్టాలు. ఒకదాన్ని ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. రెండోదాన్ని పట్టుకుని కబుర్లు చెప్పుకోవచ్చు, అంత గోరువెచ్చగా ఉంది. అంటే వేడినీళ్లు లోపలికి వెళ్తున్నాయి గానీ సరిగా బయటికి రావడం లేదు. డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోర్‌లో ఏదో అడ్డం పడింది.

పానా బాబాయికి కబురు పెట్టాను. ఆయన నాన్న స్నేహితుడు, ఈ బండి కొన్నప్పటి నుంచీ మెకానిక్. డెబ్బై ఏళ్లొచ్చినా జేబులో పానా లేకుండా గడప దాటరు. వచ్చి గొట్టాలు రెండూ నొక్కి చూశారు.

"సరిగ్గానే పట్టావు అమ్మాయ్," అన్నారు. ఆ తర్వాత ఎందుకో నా మొహంలోకి చూడలేదు.

ఇంజిన్ చల్లారాక గొట్టాలు రెండూ ఊడదీశాం. నీళ్లు బయటికొచ్చే వైపు పెరట్లోని కుళాయి పైపు తగిలించి, వెనక్కి కడగడం మొదలుపెట్టాం.

"మెల్లగా వదులు. లోపల పల్చటి రేకు, చిల్లు పడితే మళ్లీ మొదటికొస్తుంది," అన్నారు బాబాయి.

బకెట్‌లోకి ముందు తుప్పు నీళ్లు వచ్చాయి. తర్వాత నల్లటి నలుసులు, గుప్పెళ్లకు గుప్పెళ్లు.

"ఇదేంటి బాబాయ్, మట్టా?"

"మట్టి కాదు. మీ అమ్మ మిరియాల పొడి."

ఆ పొడి కథ మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు. నాకు పదకొండేళ్లప్పుడు కొండ దారిలో రేడియేటర్ కారిపోయి బండి పొగలు కక్కింది. నాన్న బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు. అమ్మ మాత్రం తిండి సంచిలోంచి మిరియాల పొడి డబ్బా తీసి, ఇది పోస్తే చిల్లు పూడుతుందని ఎక్కడో చదివానంది. చల్లారాక డబ్బాడూ పోశారు. కారడం ఆగింది. కొండ దిగేదాకా నేను వెనక సీట్లో తుమ్ముతూనే ఉన్నాను. ఆ తర్వాత అమ్మ ఆ కథ చెప్పని పెళ్లి లేదు, పేరంటం లేదు. చెప్పినప్పుడల్లా డబ్బా ఇంకొంచెం పెద్దదయ్యేది. నాన్న పక్కనే కూర్చుని "ఆవిడ లేకపోతే ఆ కొండ మీదే కాపురం పెట్టేవాళ్లం" అని వంత పాడేవారు.

పానా బాబాయి బకెట్ పక్కన కూలబడ్డారు.

"మీరు కొండ దిగొచ్చాక ఆ రేడియేటర్ మార్చిన రోజే చెప్పానమ్మా మీ నాన్నకి. పొడంతా హీటర్‌లో పేరుకుంది, కడిగేస్తానని. వద్దన్నాడు. 'వేడి వస్తే ఏం చేశారని మీ వదిన అడుగుతుంది. దాని ముందు నా నోట అబద్ధం నిలవదు. నీ మిరియాలే తగలేశాయని ఎలా చెప్పను? చల్లగానే ఉండనీ, ఎవరూ ఏమీ అడగరు' అన్నాడు."

నాన్న నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటి మనిషి పదిహేడేళ్లు ఈ ఒక్కటీ దాచారు. చలికాలంలో బండి తీసే ముందు బూడిదరంగు దుప్పటి అమ్మ మోకాళ్ల చుట్టూ కప్పి, అంచులు సీటు కిందికి దోపి, తను మఫ్లర్ చుట్టుకుని నడిపేవారు. హీటర్ బాగుచేయించలేని పిసినారి అని నేను ఆయన్ని నలుగురిలో ఎన్నిసార్లు ఎద్దేవా చేశానో లెక్కలేదు. ఆయన నవ్వి ఊరుకునేవారు. బకెట్ ముందు కూర్చుని ఏడ్చాను. బాబాయి కుళాయి కట్టేసి వచ్చి, నా తల మీద చెయ్యి వేశారు.

గొట్టాలు బిగించి, కూలెంట్ పోసి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడిపాం. వేడి గాలి మొహానికి కొట్టింది.

శనివారం పొద్దున బండి ముందే వేడి చేసి, అమ్మ చెయ్యి హీటర్ ముందు పెట్టించాను. పేచీ లేకుండా ఎక్కింది. తిరుగు ప్రయాణంలో సగం దారి వచ్చినా పళ్లు కొట్టుకోలేదు.

"ఏమైందట దీనికి?" అని అడిగింది.

రాత్రే సిద్ధం చేసుకున్నాను. "థర్మోస్టాట్ పోయిందమ్మా. మార్చాం."

అమ్మ హీటర్ గాలికి అరచేతులు చాచింది.

"మిరియాలన్నీ వచ్చేశాయా?"

బండి పక్కకు తీసి ఆపేశాను.

"నీకెలా తెలుసు?"

"రేడియేటర్ మార్చిన రోజు మీ నాన్నకీ బాబాయికీ టీ తీసుకెళ్తుంటే షెడ్డు గుమ్మంలో విన్నాను."

"తెలిసి కూడా ఊరుకున్నావా? నువ్వు ఒక్క మాట అంటే కడిగించేవారుగా. ఇన్నేళ్లు ఇద్దరూ చలికి వణికారు."

"అంటే ఇంకేముంది. హీటర్ బాగైపోయేది. దుప్పటి ఎవరు కప్పేవాళ్లు నాకు?"

నాన్న పోయాక ఎవరూ విప్పని ఆ దుప్పటి వెనక సీట్లో మడత పెట్టి ఉంది. అమ్మ అటే చూసింది.

"ఆ వేడి కాస్త తగ్గించి, అది ఇటు అందుకో."

తగ్గించాను. దిగి అటువైపు వెళ్లి, తలుపు తీసి, దుప్పటి ఆవిడ మోకాళ్ల చుట్టూ కప్పి అంచులు సీటు కిందికి దోపాను.

"మీ నాన్న ఇంకా గట్టిగా దోపేవారు," అంది.

మళ్లీ తీసి, గట్టిగా దోపాను. అమ్మ సర్దుకుని వెనక్కి వాలింది.

"మంగళవారం కాస్త పెందలాడే బయల్దేరదాం. ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం ఖాళీగా దొరుకుతుంది."