భోజన్న చూసిన జాగ

గేటు రెండు రెక్కలనూ గోడదాకా నెట్టి, కదలకుండా కింద ఇటుక ముక్కలు పెట్టి, భోజన్న లోపలికి నడిచాడు. గేటు నుంచి మెట్లదాకా నలభై రెండు అడుగులు. ఏ రోజూ ఒకటి పెరగదు, ఒకటి తగ్గదు. అయినా పెదవులు కదుపుతూ రోజూ లెక్కపెట్టేవాడు. నడిచిన నేలను లెక్కపెట్టకుండా వదలడం ఆయన వల్ల కాదు.

ఆషాఢం. పెళ్లిళ్లు లేవు. బోధన్ రోడ్డు మీద ఆయన కాపలా ఉండే ఫంక్షన్ హాలులో కుర్చీలన్నీ ఒకదానిలో ఒకటి దూరి, తాడు కట్టించుకొని మూలన నిలబడి ఉన్నాయి. రోడ్డుకు అవతల ఒకప్పుడు చెరుకు ఉండేది. చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక వరి వేశారు. గాలి వీస్తే ఇప్పుడు బెల్లపు వాసన రాదు, బురద వాసన వస్తుంది.

భోజన్నకు అరవై నాలుగేళ్లు. పొడుగు మనిషి, బక్క మనిషి. కుడి భుజం ఎడమ దానికన్నా రెండు వేళ్లు కిందికి ఉంటుంది. ముప్పై ఏళ్లు సర్వే గొలుసు సంచి మోసిన భుజం అది. ఎండలో దూరపు జెండాను చూసి చూసి కళ్లు చిట్లించుకుపోయి, నవ్వని ముఖం కూడా నవ్వుతున్నట్టు కనబడేది. మడమలు ఎండిన మడిలా పగిలి ఉండేవి. మూడో తరగతిలో బడి మానేశాడు. సర్వేయర్ సారు ఈ కొసన నిలబడితే, గొలుసు అవతలి కొస పట్టుకొని తుమ్మ పొదల్లోకి, బురదలోకి, పాముల పుట్టల్లోకి పోయేది ఆయన. అక్కడినుంచి చేసే కేక ఒక్కటే: "ఆఁ సార్!"

నల్లా కింద ముఖం కడుక్కుంటూ, చుట్టూ ఎవరూ లేరని చూసుకొని మెల్లగా అన్నాడు: "అది మునుగుతది. గుట్ట మీద పెట్టుండ్రి."

బాగానే వచ్చింది. మళ్లీ అన్నాడు.

"ఎవలతోని మాట్లాడుతున్నవన్నా?" చీపురు పట్టుకొని వెనకే వచ్చింది ధనలక్ష్మి. హాలు ఊడ్చే మనిషి.

"ఎవలతోని లేదు."

"నల్లాతోనన్న మాట్లాడు మరి. మాతోని ఎట్లా మాట్లాడవాయె." కుర్చీ మీద ఉన్న ఫోన్ వైపు గడ్డం ఎత్తి చూపింది. "గండ్ల ఏమున్నదని, పొద్దుమాపు అదే సూస్తవు?"

"ఊరు."

"ఏ ఊరు?"

"ఇంక కట్టలే."

ధనలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "కట్టని ఊర్ల తిరుగుతున్నవా? గందుకే నీకు ఆకలైతలేదు. నాకు గూడ ఒక ప్లాటు సూడరాదు, మంచి మూలమీద."

"సూస్త," అన్నాడు భోజన్న. ఆయన అన్నది నిజంగానే.

కిందటేడు గట్టు మీద జారి కాలు విరిగి మూడు నెలలు మంచాన పడ్డప్పుడు, నిజామాబాద్ ఆసుపత్రిలో నర్సు పని చేసే కూతురు వర్ష తన పాత ఫోన్‌లో ఆ ఆట పెట్టి చేతికిచ్చింది. లోకం నలుమూలల మనుషులు ఒకేసారి ఆడే ఆట. వర్ష వాళ్లు నలభై మంది ఒక జట్టు. మోర్తాడ్ నుంచి ఒకరు, రెంజల్ నుంచి ఒకరు, నాందేడ్ నుంచి, పుణె నుంచి కొందరు. నెలల తరబడి కట్టెలు కొట్టి, రాళ్లు తవ్వి కూడబెట్టారు. వాటితో కొత్త దేశంలో తమ పట్నం తామే కట్టుకోవాలి. పట్నానికి ముందు నడిమధ్య ఒక రాయి పాతాలి. ఒకసారి పాతితే దాన్ని కదిలించే వీలు లేదు. ఇళ్లూ బాటలూ దాని చుట్టే పుట్టుకొస్తాయి. ఆటలో దానికి ఏదో పేరుంది గానీ, వీళ్లంతా బొడ్రాయి అనేవారు. ఆ బొడ్రాయి ఎక్కడ పాతాలో ఇవాళ సాయంత్రం నాలుగింటికి తేల్చాలి.

మిగతావాళ్లు గుర్రాలెక్కి రెండు రోజుల్లో ఆ దేశం చుట్టివచ్చారు. ఏటి ఒడ్డున పచ్చని బయలు అందరికీ నచ్చింది. భోజన్న ఒక్కడే ఐదు నెలలు కాలినడకన తిరిగాడు. ఆ ఆటలో మూడు నెలలకోసారి వానకాలం వస్తుంది. కిందటి వానలప్పుడు మిగతావాళ్లు ఇంకా పాత దేశంలో రాళ్లు తవ్వుతున్నారు. ఆయన ఆ బయలులో నిలబడి, నీళ్లు మోకాళ్లదాకా, నడుందాకా, తర్వాత తుంగ కొసలదాకా రావడం చూశాడు. పక్కన గుట్ట ఉంది. పైన వెడల్పుగా, పళ్లెంలా చదునుగా. అక్కడికి నీళ్లు రాలేదు.

తుంగ ఉన్నచోట నీళ్లు నిలుస్తాయని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పద్దెనిమిదేళ్ల కింద బోధన్ అవతల బీడీలు చుట్టే ఆడవాళ్లకు ఇంటి జాగలు కొలిచారు. చెరువు నిండితే మునిగే శికం భూమి అది. నడి ఎండాకాలం, నల్లరేగడి బీటలు వారి ఉంది. గొలుసు లాగుతుంటే కాలి కింద ఎండిన నత్తగుల్లలు పటపటమన్నాయి. సారు గొడుగు కింద నుంచే అడిగాడు: "ఏం భోజన్నా, నీళ్లు గీళ్లు వస్తయా ఇక్కడ?" కొత్త సారు, మంచివాడు, నిజంగానే అడిగాడు. భోజన్న కాలి కింది గుల్లల్ని చూశాడు. "మీ ఇష్టం సార్," అన్నాడు.

అందులో ఒక జాగ ఆయన అక్క హన్మవ్వకే వచ్చింది. ఆమె సంబరపడి పునాది మట్టి తానే మోసుకుంది. ఏటేటా వానకాలం ఇంట్లో నీళ్లు. మూడో ఏడు బీడీ ఆకు మొత్తం కుళ్లింది, గోడ కూలింది. తట్టాబుట్టా సర్దుకొని బతుకుదెరువుకు భివండి బస్సెక్కుతూ అడిగింది: "తమ్మీ, ఊరూరు కొలిచేటోనివి. నీకు ముందుగాల ఎరుక లేకుండెనా?" భోజన్న ఆమె మూట బస్సు పైకి అందించాడు. ఆమె ఆ భివండిలోనే చనిపోయింది. జవాబు ఈయన దగ్గరే ఉండిపోయింది.

నాలుగైంది. ఫోన్ మోగింది. నలభై మంది గొంతులు ఒకేసారి గలగలమన్నాయి.

"గుట్ట మీద పెడితే నీళ్లు మోసుడుకే మన పానం పోతది," అన్నాడు రెంజల్ సురేందర్. "ఏటి ఒడ్డుకైతే పడవలు కట్టుకోవచ్చు."

"నీ పెండ్లి ఊరేగింపు గూడ పడవలనే తీద్దాం తియ్యి," అన్నారెవరో. అందరూ నవ్వారు.

జట్టు పెద్ద మోర్తాడ్ రాజశేఖర్. ఆట బయట పైపులైన్లు వేయించే కాంట్రాక్టరు. "అయితే అందరిదీ ఒకటే మాటనా? ఏటి ఒడ్డుకే పాతుదామా?"

"ఆగన్నా," వర్ష గొంతు. "మా బాపు అక్కడ మస్తు తిరిగిండు. బాపూ, నువ్వు జెప్పు."

"అవును పెద్దాయనా," అన్నాడు రాజశేఖర్. "సర్వేల పని జేసిండ్రట గదా. మీరు వద్దంటే వద్దు. చెప్పుండ్రి."

భోజన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎవరూ చూడటం లేదు, అయినా లేచాడు. పొద్దుటినుంచి సాన పట్టుకున్న మాట నాలుక మీదే ఉంది. నోరు తెరిచాడు.

"మీ ఇష్టం సార్," అన్నాడు.

"అయ్యో, నన్ను సార్ అంటరేంది!" రాజశేఖర్ నవ్వాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆటలో ధన్‌మని రాయి దిగిన చప్పుడైంది.

కాసేపటికి వర్ష విడిగా ఫోన్ చేసింది. "బాపూ, జాగ మంచిగనే ఉన్నది గదా? గట్ల ఊకున్నవేంది?"

"ఏం లేదు బిడ్డా. తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"ఆఁ."

ఫోన్ పెట్టేసి రోడ్డు వైపు చూశాడు. మబ్బు కమ్ముతోంది. తర్వాత మళ్లీ ఆట తెరిచాడు. కింద బయలులో అందరూ గంతులేస్తున్నారు. భోజన్న వాళ్లను దాటుకొని, ఒక్కడే గుట్ట ఎక్కాడు. పైన చదును ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు, అడ్డంగా నడిచాడు. పట్టుకునేవాడు లేని గొలుసును తానే రెండు వైపులా పట్టుకున్నట్టు మళ్లీ మళ్లీ నడిచాడు. నడిమధ్య ఎక్కడో తేల్చుకొని, అక్కడ తవ్వడం మొదలుపెట్టాడు.

ఆరింటికి ధనలక్ష్మి లోపలి తలుపులు మూసి వచ్చింది. "అన్నా, తాళం." భోజన్న గడ్డం ఛాతీకి ఆనించి కూర్చున్నాడు. "అన్నా, నిద్రవొయినవా? వాన వస్తున్నది, లే." భుజం మీద చెయ్యి వేసింది. ఊపిరి ఆడటం లేదు. వేసిన చెయ్యి వెంటనే తీసుకోలేదు. మెల్లగా కింద కూలబడి, ఆయన కాళ్ల దగ్గరే కూర్చుంది.

నెల దాటాక ఆటలో వానకాలం వచ్చింది. మొదటి రోజే బాటలు మునిగాయి. రెండో రోజు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నలభై మందీ దొరికినవి నెత్తికెత్తుకొని గుట్ట మీదికి ఎక్కారు. అందరికన్నా ముందు ఎక్కిన వర్ష, చదును నడిమధ్య ఆగిపోయింది. అక్కడ ఒక బోర్డు పాతి ఉంది. ఎవరు పాతితే వాళ్ల పేరు ఆటే అడుగున వేస్తుంది: భోజన్న. పైన రాసుకోవడానికి వదిలిన చెక్క మీద ఒక్క అక్షరమూ లేదు. దాని మీదినుంచి వాన నీళ్లు ధారగా కారుతున్నాయి.