పెట్టె అడుగున రాసిన మాట

కడప వైవీ స్ట్రీట్‌లో బట్టల అంగడి రామలింగయ్యను వెనకాల అందరూ పిసినారి అంటారు. ముందర అనే ధైర్యం ఎవరికీ లేదు. 2008 వేసవిలో ఒక పొద్దున ఎవరో ఆ మాటను నెట్టుకెక్కించారు.

ఎదుటి ఫొటో స్టూడియో వాసుదేవ్ ల్యాప్‌టాప్ పట్టుకుని అంగట్లోకి వచ్చాడు. "అన్నా, మీ ఇంటి నెట్టుకు ఎవరో కొత్త పేరు పెట్టినారు, చూడు," అని తెర తిప్పాడు. చుట్టుపక్కల వైర్‌లెస్ నెట్టుల పేర్లు వరసగా ఉన్నాయి. వాటి మధ్య ఇంగ్లీషు అక్షరాల్లో "రామలింగయ్య పిసినారి" అని ఉంది. బజారులో ల్యాప్‌టాప్ తెరిచిన ప్రతివాడికీ కనిపిస్తుందది. ఈ కబురు నలుగురికీ చేరవేశాకే వాసుదేవ్ ఇక్కడికొచ్చాడని వేరే చెప్పాలా?

రామలింగయ్య మొహం కందగడ్డయింది. నెట్టు పెట్టె, అదే రౌటరు, ఉన్నది అంగడి పైన, తన ఇంట్లో. ఇంట్లో కంప్యూటర్ ముట్టుకునేది కోడలు సుచరిత ఒక్కతే. సూరత్ నుంచి మెయిల్లో వచ్చే చీరల ఫొటోలు చూసి సరుకు ఎంచడం ఆమె పని. ఆయన మేడెక్కాడు. ఆమెను ఒక్క మాటా అడగలేదు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంట," అని గోడతో చెప్పినట్టు చెప్పి దిగిపోయాడు.

సుచరితకు ఆ ఇంట్లో ఈ అనుమానం కొత్త కాదు. ఆ అంగట్లో చీరల చీటీల మీద అసలు ధర అంకెల్లో ఉండదు, అక్షరాల్లో ఉంటుంది. పది అక్షరాల మాట ఒకటుంది, ఒక్కో అక్షరం ఒక్కో అంకె. గుర్తుమాట అంటారు దాన్ని. తాత తండ్రికి చెప్పాడు, తండ్రి కొడుక్కి చెప్పాడు. కోడలికి మాత్రం నాలుగేళ్లయినా చెప్పలేదు. ఆమె పుట్టిల్లు రాయచోటి, వాళ్లదీ బట్టల వ్యాపారమే, మాట అక్కడికి పోతుందని మామ అనుమానం. బేరానికొచ్చినవాళ్లు ధర అడిగినప్పుడల్లా ఆమె మొగుడు ప్రదీప్‌కుమార్ వైపు తిరగాలి. ఆ చిన్నతనాన్ని ఇన్నాళ్లూ నవ్వి దిగమింగింది. ఇవాళ దొంగ అన్న పేరు కూడా వచ్చింది. ఇది కడుక్కోకపోతే ఇక తలెత్తుకుని ఆ మెట్లు దిగలేదు.

ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, నెట్టు పెట్టెను తిరగేసింది.

అడుగున చీటీ అంటించి ఉంది. కంప్యూటర్‌లో కొట్టాల్సిన అంకెల చిరునామా, దాని కింద పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ అడ్మిన్. చిరునామా కొట్టి రెండుసార్లు అడ్మిన్ అని రాసింది. పెట్టె లోపలి పేజీ ఇట్టే తెరుచుకుంది. అందులో మామ పేరూ ఉంది, పక్కన ఆ పాడుమాటా ఉంది. ఆమె దాన్ని చెరపలేదు. మామ భోజనానికి వచ్చేదాకా ఆగి, రాయచోటిలో ఉన్న చెల్లెలు పద్మప్రియకు ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"పాపా, మనింట్లో నెట్టు పెట్టె తిరగేసి అడుగున ఏముండాదో చదువు."

"అడ్మిన్ అని ఉండాది. దాని కింద మళ్లీ అడ్మిన్. ఎందుకక్కా?"

రామలింగయ్య ముద్ద వదిలేశాడు. "ఎవుడమ్మా ఈ అడ్మిన్? రాయచోట్లో గూడా ఉండాడే!"

అంత బాధలోనూ సుచరితకు నవ్వొచ్చింది. ఫోను పెట్టేసింది. "మనిషి కాదు మామా, తాళంచెవి. చేసినోళ్లు ఇట్లాంటి పెట్టెలన్నిటికీ ఇదే పెట్టి పంపినారు. తెచ్చుకున్నాక మార్చుకోవాల్సింది మనం. మార్చలేదు. వైర్‌లెస్‌కు అసలు తాళమే వేయలేదు. వీధిలో నిలబడి ఎవురన్నా తీయొచ్చు."

"ఊరందరికీ ఒకటే చెవా?" వ్యాపారికి అంతకంటే చెప్పాల్సిన పని లేదు. "అయితే రాసింది నువ్వు గాదు."

"మిమ్మల్ని ఏమన్నా అనాలనుంటే మీ ముందరే అంటా. ఇప్పుడు అంటాండా, వినండి. నన్ను దొంగన్నారు. శానా నొచ్చుకున్నా మామా."

ఆయన విస్తరి మడిచాడు. లేచి చెయ్యి కడుక్కొచ్చి, వీధి తలుపు మూసి, ఆమె పక్కన నిలబడ్డాడు. "కొత్త మాట పెట్టల్లగదా. రాసుకో," అని గొంతు తగ్గించి ఒక మాట చెప్పాడు.

వేళ్లతో లెక్కపెట్టింది. పది అక్షరాలు. ఒక్కటీ రెండోసారి రాలేదు. అది అంగడి గుర్తుమాటేనని తెలిసేసరికి సుచరిత చేతులు ఆగిపోయాయి. క్షమించమని నోరు తెరిచి అడగడం రాని మనిషి, తన దగ్గరున్నదాంట్లో పెద్దది తీసి ఇచ్చాడు.

"ఇది ఈడ పెట్టకూడదు మామా," అంది. "ఒకే చెవి రెండు తాళాలకు వాడితే ఒకటి పోయిన పొద్దు రెండూ పోతాయి. ఇది అంగడిది, అంగట్లోనే ఉండనీ." పెట్టెకు వేరే మాట, వైర్‌లెస్‌కు ఇంకో మాట పెట్టి, రెండూ ఆయనకు చెప్పింది. ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా మీకు చెప్పను, అడగొద్దు.

"ఆ పేరు తీసేసినావా?"

"పిసినారి తీసేసినా. రామలింగయ్య ఉండాడు."

మర్నాడు గిడ్డమ్మ అనే ఆమె కూతురి కోసమని ఆకుపచ్చ చీర తీసి ధర అడిగింది. సుచరిత అలవాటుగా మొగుడి వైపు తిరగబోయి ఆగింది. చీటీ మీది మూడక్షరాలు చూసుకుని, మనసులో లాభం కలిపి, ధర చెప్పింది. ప్రదీప్‌కుమార్ నోరు వెళ్లబెట్టాడు. గిడ్డమ్మ ఆమెను నమ్మనట్టు గల్లాపెట్టె ముందున్న పెద్దాయన వైపు చూసింది.

"అట్లా నన్ను చూస్తావేమమ్మా," అన్నాడు రామలింగయ్య తలెత్తకుండానే. "కోడలు చెప్పిందే ధర. దాంట్లో పైసా తగ్గేది లేదు."